జన్యు పరీక్ష దండగ.. ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష కావాలి

ఇంట్లో ఒకరికి షుగర్, మరొకరికి ఫ్యాటీ లివర్ ఉందంటే చాలు, జన్యు పరీక్ష చేయించుకోమనే ప్రకటనలు ఫోన్‌లో వచ్చిపడుతున్నాయి. కాస్త లాలాజలం పంపితే మీ రాత ఏమిటో చెబుతామంటున్నారు. వేల రూపాయలు పోసి ఆ రిపోర్టు కొనక్కర్లేదు. ఈ రెండు జబ్బుల మధ్య చుట్టరికం గురించి జన్యుశాస్త్రం తేల్చిన అసలు సంగతి అందులో ఉండదు.

ఒకే చెడ్డ జన్యువు తాత నుంచి మనవడికి రెండు జబ్బులనూ మోసుకొస్తుందన్నది చాలామంది నమ్మకం. వాస్తవం అంతకన్నా ఆసక్తికరం. 2008లో బయటపడిన పీఎన్‌పీఎల్ఏ3 జన్యువులోని ఐ148ఎం మార్పునే తీసుకోండి. ఇది ఉన్నవారిలో, కొవ్వు బొట్టును కరిగించాల్సిన ప్రొటీన్ ఆ బొట్టు మీదే తిష్ఠ వేసి, కరిగించే మరో ఎంజైమ్‌కు కూడా అడ్డుపడుతుంది. కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, మచ్చలు పడతాయి, సిరోసిస్ ముప్పు పెరుగుతుంది. అయినా పేరుకున్న కొవ్వుకు తగ్గట్టు ఇన్సులిన్ నిరోధకత (ఒళ్లు ఇన్సులిన్ మాట వినకపోవడం) మాత్రం పెరగదు. జీసీకేఆర్ అనే మరో జన్యువు సంగతి మరీ విచిత్రం. కాలేయంలో గ్లూకోజును పట్టి ఉంచే గ్లూకోకైనేజ్ ఎంజైమ్‌ను అదుపు చేయాల్సింది ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్. దాని పట్టు సడలితే, గ్లూకోజు కాలేయంలోకి ఎక్కువగా వెళ్లి కొవ్వుగా మారుతుంది. దాంతో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, పరగడుపు షుగర్ మాత్రం కాస్త తగ్గుతుంది! ఇక షుగర్ జన్యువుల్లో పేరుమోసిన టీసీఎఫ్7ఎల్2 ప్రధానంగా దెబ్బతీసేది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను.

అంటే దారులు వేరు. మరి ఒకే మనిషిలో ఈ రెండూ ఇంత తరచుగా ఎందుకు కలుస్తున్నాయి? నడుము చుట్టూ చేరిన కొవ్వు వల్ల. 2017లో అమెరికా, డెన్మార్క్ ప్రజల వివరాలతో వచ్చిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపింది. సన్నగా ఉన్నవారిలో పీఎన్‌పీఎల్ఏ3 మార్పు ఉన్నా లేకున్నా కాలేయ కొవ్వులో పెద్ద తేడా లేదు. ఊబకాయుల్లో అదే మార్పు కొవ్వును బాగా పెంచేసింది. దీనికి రెండో వైపూ ఉంది. హాంకాంగ్‌లో ఆహారం, వ్యాయామంతో జరిపిన ప్రయోగంలో, ఆ మార్పు రెండు కాపీలూ ఉన్నవారికే కాలేయ కొవ్వు ఎక్కువగా తగ్గింది. జన్యువు బలంగా ఉన్నచోటే బరువు తగ్గడం ఎక్కువ ఫలితమిచ్చిందన్నమాట. ‘మా వంశంలోనే ఉంది, ఏం చేస్తాం’ అని చేతులెత్తేసేవాళ్లకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

చాలా జన్యువులను కలిపి స్కోరు వేస్తే ముప్పున్న వాళ్లను ముందే పట్టుకోవచ్చని కొందరు వాదిస్తారు. పరిశోధనకూ, పెద్దాసుపత్రిలో క్లిష్టమైన కేసులకూ అది పనికొస్తుంది. కానీ ఆ స్కోర్లలో ఎక్కువ భాగం యూరప్ సంతతి వారి డేటాతో కట్టినవి. మనవాళ్ల విషయంలో వాటి గురి తగ్గుతుంది. పైగా స్కోరు ఎంత వచ్చినా డాక్టర్ చెప్పే మాట మారదు: బరువు 7 నుంచి 10 శాతం తగ్గండి, మద్యం మానండి, షుగర్ అదుపులో పెట్టుకోండి.

మరి ఏ పరీక్ష చేయాలి? ఫిబ్-4. మామూలు రక్తపరీక్షల అంకెలతో కాలేయంలో మచ్చల ముప్పును అంచనా వేసే లెక్క ఇది. ప్రతి షుగర్ రోగికీ ఏడాదికో రెండేళ్లకో ఒకసారి లెక్కించాలి. దీనికి కావాల్సినవి వయసు, ప్లేట్‌లెట్లు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రెండు కాలేయ ఎంజైమ్‌ల అంకెలు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ఎస్‌జీపీటీ వర్గమూలాన్ని ప్లేట్‌లెట్లతో గుణించి, వచ్చినదాంతో భాగించండి. వయసు 52, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు అనుకుందాం. 52×48 అంటే 2,496. దాన్ని 160×6, అంటే 960తో భాగిస్తే 2.6. మన ల్యాబులు ప్లేట్‌లెట్లను లక్షల్లో రాస్తాయి, సూత్రానికి కావాల్సింది వేలల్లో. 160 బదులు 1,60,000 అని కొడితే జవాబు 0.0026 వస్తుంది, జబ్బు ముదిరిన మనిషి కూడా క్షేమంగా ఉన్నట్టు కనిపిస్తాడు. 1.3 లోపు ఉంటే ప్రస్తుతానికి భయం లేదు. 65 దాటినవారికి ఆ గీత 2.0. గీత దాటితే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించాలి, 2.67 మించితే నేరుగా లివర్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 35 లోపు వయసువారిలో ఈ లెక్క నమ్మదగ్గది కాదు. ఎస్‌జీపీటీ ‘నార్మల్’ అని ఉందని వదిలేయడం మరో పొరపాటు. మచ్చలు పడ్డ కాలేయంలోనూ అది 40 లోపే ఉండొచ్చు.

అల్ట్రాసౌండ్‌లో ‘గ్రేడ్-1’ ఫ్యాటీ లివర్ (తొలి మెట్టు) అని వస్తే ‘అందరికీ ఉండేదే’ అని పంపేయడం మానాలి. నిజమే, అందరికీ ఉంటోంది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో ఫ్యాటీ లివర్ కనిపించింది. అందుకే అది పట్టించుకోవాల్సిన విషయం. అలాంటి వ్యక్తికి ఆ వారమే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెద్దపిల్లల నడుము కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే వారికీ అవే పరీక్షలు చేయాలి. వీళ్లు పంచుకున్నది జన్యువులనే కాదు, ఒకే వంటింటినీ.

ప్రభుత్వాలు చూడనిది ఈ కుటుంబాన్నే. మన ఆరోగ్య పథకాలు రోగి ఆసుపత్రిలో చేరాకే డబ్బు తీస్తాయి. పొట్టలో నీరు చేరి, రక్తం కక్కుకున్నాక లక్షలు ఖర్చుపెట్టే వ్యవస్థ, పదేళ్ల ముందు కొన్ని వందలు పెట్టదు. కేంద్రం 2021లోనే ఫ్యాటీ లివర్‌ను జీవనశైలి జబ్బుల నివారణ కార్యక్రమంలో చేర్చింది. ఇక దాన్ని పీహెచ్‌సీ దాకా తేవాలి. 30 దాటినవారికి బీపీ, షుగర్ చూసే శిబిరంలోనే ఫిబ్-4 కూడా చేయొచ్చు. హెచ్‌బీఏ1సీ కోసం ఊదారంగు మూత ట్యూబులో తీసిన రక్తంతోనే ప్లేట్‌లెట్లు లెక్కించవచ్చు. అదనంగా కావాల్సింది ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీల కోసం మరో ట్యూబు. రెండో సూదిపోటు కూడా అక్కర్లేదు.