సప్పుడు చేయాకండప్పా!

కడపలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటుంటే పైజిల్లా వాళ్లు కొట్లాట అనుకొని విడిపించడానికి వస్తారు. మావాళ్లు గొంతు తగ్గించారంటేనే ఏదో కొంప మునిగిందని లెక్క. అందుకే ఎర్రముక్కపల్లెలో మా చిన్నాయన ఇంట్లో అందరూ గుసగుసలు మొదలుపెట్టారని తెలియగానే వీధంతా కంగారు పడింది. పాలు పోసే అతను గేటు దగ్గరే చెప్పులు విప్పి, మొహం దిగాలుగా పెట్టి, "ఎత్తేది ఎప్పుడు సార్?" అని అడిగాడు.

ఎత్తేదేమీ లేదు. చిన్నాయన డిస్కస్ చేపలు ట్యాంకు మారాయి, అంతే.

పడగ్గదిలో ఉన్న మూడడుగుల ట్యాంకు వాటికి చాలడం లేదు. గుండ్రంగా, పల్చగా ఉండే ఈ చేప పెరిగిందంటే దాదాపు జానెడవుతుంది. ఒక్కోదానికి నలభై లీటర్ల నీళ్లన్నా ఉండాలని పెంచేవాళ్లు చెప్తారు. ఒంటరిగా ఉండలేదు, అయిదారు కలిసి ఉంటేనే దానికి ధైర్యం. అందుకని హాల్లో ఐదడుగుల ట్యాంకు వెలిసింది. నీళ్ల బరువే నాలుగు క్వింటాళ్ల పైచిలుకు. ఇనుప స్టాండు, దానిమీద కడపబండ, బండమీద థర్మాకోల్ షీటు, ఆపైన ట్యాంకు. బండ కోసుకొచ్చినతను పని చూసి ముచ్చటపడి, "ఇంగో చిన్నముక్క మిగిలుండాది సార్, లోపల నిలబెడితే చేపలకు గుహ మాదిరి బో సక్కంగ ఉంటాది" అన్నాడు. చిన్నాయన ఏమీ మాట్లాడకుండా బాత్రూము కడిగే యాసిడ్ తెచ్చి ఆ ముక్కమీద ఒక చుక్క వేశాడు. బుసబుసా పొంగింది. చూడ్డానికి నల్లగా ఉన్నా అది సున్నపురాయే. డిస్కస్‌కు కావాల్సింది కాస్త పులుపు వైపు ఉండే మెత్తటి నీళ్లు. ఆ నీళ్లలో ఈ బండ కొద్దికొద్దిగా కరిగి, మెత్తటి నీళ్లను గట్టిపరుస్తుంది. పాపం అతనికి ఇంత కథ తెలియదు. "వద్దంటే వద్దని చెప్పొచ్చు గదా సార్, బండమీద యాసిడ్ పోసేదెందుకు" అని నొచ్చుకొని వెళ్లిపోయాడు.

ఆ మాటకొస్తే మెత్తటి నీళ్లనేవి మా ఊళ్లో సులభంగా దొరికే వస్తువా? బోరునీళ్లు బకెట్టులో పట్టి ఆరబెడితే అడుగున తెల్లటి పొర మిగులుతుంది. చిన్నాయన ఇంట్లో ఏర్పాటు ఇలా ఉంటుంది: తాగడానికి మనుషులకు క్యాన్ నీళ్లు, ఈదడానికి చేపలకు ఆర్వో నీళ్లు, ఆ ఆర్వో మిషను వద్దని బయటికి వదిలిన ఉప్పునీళ్లు గిన్నెలు తోమడానికి. "మల్ల జన్మంటూ ఉంటే ఈ ఇంట్లో చేపగా పుట్టాల" అని మా చిన్నమ్మ అప్పుడప్పుడు అంటుంటుంది. అన్నప్పుడల్లా చిన్నాయన అది తనకు దక్కిన మెప్పనుకుంటాడు.

హీటరు సంగతి వేరే. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో హీటరు కొన్న మనిషిగా ఆయనకు అప్పటికే పేరుంది. ఈ చేపకు నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల మధ్య వెచ్చగా ఉండాలి, సంక్రాంతి రోజుల రాత్రిళ్లు మన నీళ్లు అంతకంటే చల్లబడతాయి అని ఎంత చెప్పినా ఎవరూ ఒప్పుకోరు. "హీటరుకు కరెంటెందుకప్పా దండగ, మిద్దెమీద పెట్టు ట్యాంకు" అంటారు.

చేపల్ని మార్చేరోజు ఇంట్లో ఉన్న ప్రతి బకెట్టూ హాల్లోకి వచ్చింది. పాత నీళ్లు సగం, కొత్త నీళ్లు సగం. చేపలు సంచుల్లో తేలుతుంటే చిన్నాయన కాసేపటికొకసారి ఒక గ్లాసు కొత్త నీళ్లు కలుపుతూ కూర్చున్నాడు. ఈలోపల చిన్నమ్మ, చేతిసాయం చేద్దామని, పాత ఫిల్టరు స్పాంజి తీసుకొని కొళాయి కిందికి పోయింది. అది నల్లగా, జిగటగా ఉంది. గిన్నెల సబ్బు పెట్టి ఇంకో క్షణంలో రుద్దేదే.

"వద్దే! దాంట్లో ప్రాణం ఉండాది!" అని చిన్నాయన అరిచిన అరుపుకు ఆమె స్పాంజి వదిలేసి రెండడుగులు వెనక్కి దూకింది.

ఉన్నమాటే. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఆ జిగటలోనే కాపురముంటాయి. కొళాయి నీళ్లలో క్లోరిన్ తగిలినా చస్తాయి, ఇక సబ్బు సంగతి చెప్పక్కర్లేదు. ఆ స్పాంజిని తడి ఆరకుండా పాత నీళ్లలోనే ఉంచి కొత్త ట్యాంకులో పెడితే సగం గండం గట్టెక్కినట్టే. చిన్నమ్మ ఇదంతా విని, "మురికిని ఇంత బాగా చూసుకునే మొగోణ్ని నేను యాడా సూడలేదు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంత చేసి చేపల్ని వదిలితే, అవి నేరుగా ఎడమపక్క మూలకు పోయి ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. అంత ఎరుపూ నీలమూ ఎటు పోయాయో, ఒళ్లంతా మసిబారి, పైనుంచి కిందికి నల్లటి నిలువుచారలు తేలాయి. డిస్కస్‌కు దిగులుగానీ బెదురుగానీ పుడితే ఈ చారలు కనబడతాయి. ఎవరైనా దగ్గరికి పోతే గాజుకు కొట్టుకునేట్టు ఒకటే పరుగు. మేత వేస్తే కన్నెత్తి చూడవు. ఇంత లెక్క పోసి కొన్న చేపల్ని చూద్దామని వచ్చిన చుట్టాలకు ఖాళీ నీళ్లు కనిపించేవి. "సల్లగ ఉండాయప్పా నీళ్లు" అని మర్యాదకు ఒక మాటనేసి కాఫీ తాగి పోయేవాళ్లు.

"అమెజాన్‌లో నీళ్లలో మునిగిన చెట్టుకొమ్మల మధ్య బతికే జాతి. వాటికి మరుగు గావాల, ప్రశాంతత గావాల" అన్నాడు చిన్నాయన.

ఇక్కడ నాకొక అనుమానం. ఈ ఆరు చేపలూ పుట్టింది చెన్నై కొళత్తూరులో. ఆక్సిజన్ నింపిన సంచుల్లో, థర్మాకోల్ పెట్టెలో, రాత్రి బస్సులో, ఆ హారన్ల మోతలోనే కడప చేరాయి. అప్పుడు రాని బెదురు మా చిన్నమ్మ కుక్కరు విజిలుకు వస్తుందా? అడిగితే, "నీకు చేప మనసు తెల్దురా" అన్నాడు. తెలియదన్నమాట నిజమే గనక ఊరుకున్నాను.

అప్పట్నుంచి ఆ ఇంట్లో కర్ఫ్యూ. కుక్కరు పెట్టకూడదు, కాబట్టి పప్పు కుండలో ఉడకాలి. లైటు ఒక్కసారిగా వేయకూడదు. ముందు వంటింట్లో లైటు, కాసేపటికి వరండాలో, ఆ తర్వాత హాల్లో, అన్నిటికంటే ఆఖర్న ట్యాంకు లైటు. (ఈ ఒక్క నియమం మాత్రం సరైందే. చీకట్లోంచి ఒక్కసారి వెలుగు పడితే ఈ చేపలు అదిరిపడతాయి.) టీవీ సీరియల్ సౌండు లేకుండా చూడాలి. మా జేజికి చెవులు సరిగా వినబడవు గనక సౌండు లేకపోవడం ఆమెకు తేడా తెలియలేదు. ఎప్పటిలాగే కథ తనే ఊహించి టీవీకంటే పైస్థాయిలో అందరికీ చెప్పేది. మిగతావాళ్లు హాలు దాటాలంటే వంగి, గోడ పట్టుకొని, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ పోవాలి. నన్నడిగితే అసలు తప్పంతా అక్కడే ఉంది. దర్జాగా నడిచిపోయే మనిషిని చేప రెండురోజుల్లో లెక్కచేయడం మానేస్తుంది. పొంచి పొంచి వచ్చేవాడు ఎవరు? వేటగాడు. ఇంటిల్లిపాదీ పొద్దస్తమానం వేటగాళ్లలా ఆ ట్యాంకు ముందు పాకుతుంటే ఏ చేప మూల వదిలి బయటికొస్తుంది?

జేజి లెక్క ఇంకొకటి. "ఒరే చిన్నోడా, ఇది దిష్టిరా" అని తేల్చింది. యాభై ఏళ్లు దాటిన చిన్నోడు వద్దు వద్దంటున్నా వినకుండా మీసాలు, కోరలు, బయటికి వేలాడే నాలుకతో ఉన్న దిష్టిబొమ్మ ఒకటి తెప్పించి ట్యాంకుకు కట్టింది. కట్టడమైతే కట్టింది, మొహం లోపలికి పెట్టింది.

"అమ్మా, అది సూసి భయపడాల్సింది మనుషులే!"

"దిష్టి పెట్టేది మనుషులేగానీ తగిలేది చేపలకు గదరా. ఈ మొగం సూచ్చే వాటికే ధైర్యం వస్తాది."

ఆ రోజు చేపలు ఎడమమూల వదిలి కుడిమూలకు పోయాయి. కదలిక వచ్చిందని జేజి సంతోషపడింది. ఆఖరికి తల్లీకొడుకులు రాజీకొచ్చి, బొమ్మను బయటివైపు తిప్పి, వెనకవైపూ రెండు పక్కలా జేజి పాత నల్లంచు నీలంచీర కప్పారు. జేజికి అది దిష్టి తగలకుండా కట్టిన తెర. చిన్నాయనకు అది బ్యాక్‌గ్రౌండు. నాలుగువైపులా బయలుగా ఉంటే చేపకు దడ. మూడువైపులు మూస్తే ఆ దడ కొంత తగ్గుతుంది. ఒకే చీర, ఇద్దరి శాస్త్రాలూ నిలబడ్డాయి.

నా వంతుకు బాదమాకులు పడ్డాయి. ఎండి రాలిన బాదమాకుల్ని నీళ్లలో వేస్తే లేత గోధుమరంగు దిగి, నీళ్లు కొంచెం పులుపు వైపు తిరుగుతాయి, మసకవెలుతురు కూడా దొరుకుతుంది. మచ్చల్లేనివి, పక్షుల రెట్ట పడనివి ఏరి తెమ్మన్నాడు. ఒక బడి ఆవరణలో చెట్టుకింద కూర్చొని ఆకు తిప్పి తిప్పి చూస్తుంటే అక్కడ ఊడ్చే ఆమె వచ్చి, "ఆకులు లెక్కపెడ్తాండావా నాయనా? ఇంట్లో ఎవరూ లేరా?" అని జాలిగా అడిగింది. చేపలకోసమని చెప్పాను. ఆమె ఇంకొంచెం జాలిపడి, ఊడ్చిన కుప్ప మొత్తం నా సంచిలో పోసింది.

ఇదంతా జరుగుతున్నప్పుడే ప్రొద్దుటూరు నుంచి చిన్నమ్మ తమ్ముడు దిగాడు. ఆ మామకు పొద్దన్నే కారందోసె లేనిదే కళ్లు తెరుచుకోవు. అక్కను లేపితే చప్పుడవుతుందని, ఇంటి కర్ఫ్యూను గౌరవించి, తనే మెల్లగా వంటింట్లోకి పోయాడు. పెనం పెట్టాడు, పిండి పోశాడు. ఎర్రకారం కోసం ఫ్రిజ్ వెతికితే పైన ఫ్రీజరులో ఎర్రటి బిళ్లలు ఒక ట్రే నిండా కనిపించాయి. అక్క ఎంత తెలివైంది, కారం నూరి గడ్డకట్టించి పెట్టుకుంది అనుకొని రెండు బిళ్లలు పళ్లెంలో వేసుకొని కరగనిచ్చాడు.

అవి చిన్నాయన చేపల మేత. బ్లడ్‌వర్మ్స్. అంటే దోమల్లాంటి ఒక జాతి ఈగల పిల్లపురుగులు, రక్తమంత ఎర్రగా ఉంటాయి. గడ్డకట్టి ఉన్నంతసేపూ అచ్చం ఎర్రకారమే. కరిగితేనే ఒక్కొక్కటి విడిపోయి తమ అసలు రూపం చూపిస్తాయి.

మామ చెంచాతో తీసి దోసెకు పూయబోతుండగా చిన్నమ్మ లేచొచ్చి లైటు వేసింది. తర్వాత వినిపించిన కేక ఏడురోడ్ల కూడలి దాకా పోయిందని కొందరంటారు, నేను మా వీధి వరకే పూచీపడతాను. మామ చేతిలో గరిట కిందపడింది, గరిట తగిలి స్టీలు బిందె దొర్లింది, దోసె మాడి పొగ లేచింది. ఎదురింటి భాయ్ లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు, ఆయన వెనక ఇంకో నలుగురు. ఎవరో పుణ్యాత్ముడు హాల్లో ఉన్న స్విచ్చులన్నీ ఒక్క అరచేత్తో వేశాడు. కర్ఫ్యూ పెట్టిన మనిషే గొంతు చించుకొని, "ఆ పళ్లెం ఇట్లియ్యి! ఎంత లెక్కనుకున్నావ్ అవి!" అని మామ చేతిలోంచి పళ్లెం లాక్కున్నాడు.

లాక్కొని, అప్పుడు ట్యాంకు వైపు తిరిగాడు.

చేపలు ఒక విసురు విసిరాయి, నీళ్లు మూత దాకా ఎగిరాయి. ఆపైన ఏమీ లేదు. హాల్లో పదిమంది, ఎవరి గొంతు వాళ్లదే. పురుగా కారమా, తిన్నాడా తినలేదా, ఆసుపత్రికి పోవాలా వద్దా అని పంచాయతీ సాగుతూనే ఉంది. ఒక్కరూ ట్యాంకును చూడటం లేదు. అది సాగినంతసేపట్లో చారలు పల్చబడ్డాయి. పెద్ద చేప మూల వదిలి, చిన్నాయన చేతిలో పళ్లేన్ని చూస్తూ గాజు ముందుకొచ్చింది. వెనకే ఇంకొకటి. చిన్నాయన వణికే చేత్తో పళ్లెంలోది మూతసందులోంచి నీళ్లలో వేశాడు. ఆరూ ఎగబడ్డాయి.

"సూసినారా, నా చీర!" అంది జేజి.

"బాదమాకులు" అన్నాను నేను.

ఎదురింటి భాయ్ తను కొత్తట్యాంకు రోజునే పెద్దదర్గాలో దువా చేసొచ్చానని గుర్తుచేశాడు. మామ మాత్రం ఏమీ అనకుండా బాత్రూములో పుక్కిలిస్తున్నాడు.

ఇప్పుడా ఇంట్లో కుక్కరు కూస్తుంది, సీరియల్ ఏడుస్తుంది, చేపలు గాజుకు మూతి ఆనించి వచ్చేపోయేవాళ్లను మేత అడుగుతాయి. ఫ్రీజరు ట్రే మీద 'ఇది కారం కాదు' అని చిన్నమ్మ పెద్దక్షరాలతో కాగితం అంటించింది. మొన్న ప్రొద్దుటూరు నుంచి ఫోనొచ్చింది.

"అక్కా, చేపలు తింటాండాయా?"

"అవి దండిగ తింటాండాయిలేరా. నువ్వు తింటాండావా?"