నా వీపుని మాత్రమే వెలిగించే సీలింగు లైటు గారికి

అయ్యా పద్దెనిమిది వాట్ల చదరపు ప్యానెల్ లైటు గారూ,

నిన్న మధ్యాహ్నం మా మావయ్యగారి పంటి కింద రాయి పడింది. మొన్ననే ఆరు వేలు పెట్టి తొడుగు వేయించిన పన్ను. రాయి కందిపప్పులోది. ఏరింది నేనే, వంటగట్టు మీద చేట పెట్టుకుని, తమరిని పట్టపగలు వెలిగించుకుని మరీ ఏరాను. ఆయన పెద్దమనిషి, ఏమీ అనలేదు, పప్పు గిన్నెని కాస్త అవతలికి జరిపారంతే. అత్తయ్యే "కొత్త వంటిల్లు కదమ్మా" అన్నారు. ఆ మాటకే ఈ ఉత్తరం.

తమరు గది నడిమధ్యన కొలువుతీరారు. గట్టు గోడవైపు ఉంది. నేను గోడవైపు తిరిగి కూర తరుగుతుంటే తమరు నా వెనక ఉంటారు. పెట్టె మీద గొప్పగా రాసుకున్న 1800 ల్యూమెన్ల వెలుగంతా నా జడ మీద, జాకెట్టు కుట్ల మీద పడుతుంటుంది, నా తల నీడ మాత్రం సరిగ్గా వంకాయ మీదే పడుతుంది, అందులో పురుగుందో లేదో ఆ పురుగుకే తెలియాలి. దీపం కింద చీకటి అంటారు, మా ఇంట్లో ఆ చీకటిని నేనే. "కాస్త జరిగి నిలబడు" అని మా ఆయన సలహా. ఎటు జరగాలి? ఇటు సింకు, అటు స్టవ్వు. జరిగినా నీడ నాతోనే వస్తుంది, దాన్నేమీ పుట్టింట్లో వదిలి రాలేదు కదా.

మూడు లాంతర్ల కూడలి ఉన్న విజయనగరంలో బతుకుతూ వంటింట్లో ఒక్క దీపం సరిగ్గా పెట్టుకోలేకపోయాం. గ్రానైటు, అల్మరాలు, చిమ్నీ అయ్యాక లైట్లకి మిగిలింది మూడు వేలు. పై అల్మరాల అడుగున, ముందంచు వైపు, ఒక ఎల్ఈడీ స్ట్రిప్ అంటిస్తే వెలుగు నేరుగా గట్టు మీదే పడుతుందని నాకు తెలుసు, అడిగాను కూడా. అడాప్టరుతో కలిపి పన్నెండు వందలు. "అది షోకు" అన్నారు మా ఆయన. చిమ్నీ షోకు కాదట! ఇప్పుడు పెట్టిద్దామంటే టైల్సు అతికించేశారు, వైరు బయట నుంచి వేలాడుతూ రావాలి. ఎలక్ట్రీషియన్ "రేపొస్తానమ్మా" అని సోమవారం అన్నాడు, ఈ రోజు శనివారం.

ఇక నీ రంగు. కాస్త వెచ్చని తెలుపు, 4000 కెల్విన్లది అడిగితే స్టాకు లేదని నీలం తిరిగిన తెలుపు, 6500ది అంటగట్టారు. దాని కింద ఉల్లిపాయ వేగిందో లేదో తెలీదు, పసుపేసిన పప్పు జ్వరపడ్డ మనిషిలా కనిపిస్తుంది. అవును, 'నువ్వు' అనే అన్నాను. ఇంకేం మర్యాద నీకు?

స్టవ్వు పైన గోడకి పాత ట్యూబులైటు ఉండేది. మసిపట్టి, చోక్ గుయ్యిమంటూ, స్టార్టర్ తిప్పితే గానీ వెలిగేది కాదు, కానీ నా ముఖానికి ఎదురుగా ఉండేది. నువ్వొస్తున్నావని దాన్ని పాత సామాన్లవాడికి పావుకిలో ఉల్లిపాయలకి ఇచ్చేశాం. ఆ ఉల్లిపాయలు కూడా నీడలోనే తరిగాను.

ప్రస్తుతం ఫోన్ టార్చిని ఉప్పు డబ్బాకి ఆనించి బెండకాయలు కోస్తున్నాను. మావయ్యగారు రాత్రికి పప్పు వద్దన్నారు, పెరుగన్నం చాలట.

ఇట్లు,
నీ వెలుగుకి అడ్డొచ్చే మనిషి,
విజయనగరం