నర్సు ఆగమంటే ఆపరేషన్ ఆగాలి

రోగి కడుపులో కత్తెర మరిచారనో, ఒక కాలికి చేయవలసిన ఆపరేషన్ మరో కాలికి చేశారనో వార్త వచ్చిన ప్రతిసారీ జరిగేది ఒకటే. బంధువుల ఆందోళన, విచారణ కమిటీ, ఒకరిద్దరిపై సస్పెన్షన్. ఆ గదిలో ఉన్న మిగతావారిలో ఎవరికైనా అనుమానం వచ్చిందా, వస్తే నోరు విప్పగలిగారా అని మాత్రం ఎవరూ ఆరా తీయరు. అసలు తేలవలసింది అదే.

శస్త్రచికిత్సల్లో పొరపాట్లు తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల తనిఖీ పట్టికను తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ నుంచి తరలించే ముందు అందరూ ఆగి సరిచూసుకోవాలి. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రులలో దీన్ని పరీక్షించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో వెల్లడైంది. ఇందులో కొత్త మందు లేదు, ఖరీదైన యంత్రం లేదు. ఉన్నదల్లా మాట. కోతకు ముందు సర్జన్, మత్తు డాక్టరు, సర్జన్ చేతికి పరికరాలు అందించే స్క్రబ్ నర్సు, టెక్నీషియన్ అందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్నది ఆ 19 అంశాలలో ఒకటి. చాలామంది దీన్ని లాంఛనంగా కొట్టిపారేస్తారు. నా దృష్టిలో పట్టికకు ప్రాణం అదే. ఒకసారి గొంతు విప్పిన నర్సు, కోతలో రక్తం అద్దడానికి వాడే మాప్‌ల లెక్క తేలనప్పుడు రెండోసారి విప్పడానికి వెనుకాడదు.

కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు ఇదే పట్టికను అమలు చేశాక మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదని 2014లో మరో అధ్యయనం తేల్చింది. దాంతో పట్టిక పనికిరాదన్నవారున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. పైనుంచి ఆదేశం వస్తే కాగితం ఇట్టే అమల్లోకి వస్తుంది. మనుషుల మధ్య ఉన్న దూరం ఆదేశంతో తగ్గదు. మన ఆసుపత్రుల్లో ఫారాలకు కొదవ లేదు. ఆపరేషన్ అయ్యాక గడులన్నింటికీ ఒకేసారి టిక్కులు పెట్టి సంతకం చేసేస్తే ఎవరి ప్రాణమూ దక్కదు.

తేడా వస్తే కోర్టుకు వెళ్లేది డాక్టరే కాబట్టి ఆఖరి మాట డాక్టరుదే కావాలన్న వాదన ఉంది. నిజమే, వైద్య సేవలకూ వినియోగదారుల చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆఖరి మాట ఆయనదే కానివ్వండి. గదిలో వినిపించే ఏకైక మాట కూడా ఆయనదే కావడంతోనే నా పేచీ. కోర్టు భయం ఉన్నవారికి తోటివారి హెచ్చరికను మించిన రక్ష ఏముంది?

ఈ దూరం థియేటర్‌లో పుట్టింది కాదు. వైద్యులకు 2019లో ఒక కమిషన్ చట్టం, టెక్నీషియన్ల వంటి అనుబంధ ఆరోగ్య వృత్తుల వారికి 2021లో ఒకటి, నర్సులకు 2023లో ఇంకొకటి చేశాం. ఎవరి పాఠ్యప్రణాళిక వారిది, ఎవరి పరీక్షలు వారివి. ఒకే రోగి మంచం చుట్టూ జీవితమంతా పనిచేయబోయే విద్యార్థులు ఒక్క తరగతిలోనూ కలిసి కూర్చోరు. దానికి తోడు నర్సుల్లో అత్యధికులు స్త్రీలు. పెద్దవారికి, మగవారికి ఎదురు చెప్పకపోవడమే మర్యాదని ఇంట్లో, బడిలో నేర్పి పెంచిన అమ్మాయిని, అర్ధరాత్రి థియేటర్‌లో సీనియర్ సర్జన్‌ను ఆపమంటున్నాం. ఆమెకు అండగా ఏ నిబంధన నిలబెట్టాం?

ఆ అండ ఇవ్వగల శక్తి ప్రభుత్వాల చేతిలోనే ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రైవేటు ఆసుపత్రులకు ఆపరేషన్ల డబ్బు చెల్లిస్తున్నది అవే. ఆ ఒప్పందాల్లోనే ఒక షరతు చేర్చాలి: అనుమానం వచ్చిన ఏ సిబ్బంది అయినా ఆపరేషన్‌ను ఆపించవచ్చు, సదుద్దేశంతో ఆపించినందుకు ఉద్యోగం నుంచి తీసేసినా, వేధించినా ఆ ఆసుపత్రికి పథకంలో చోటుండదు.