గాలికీ చివరి ఆయకట్టు ఉంటుంది

డెన్మార్క్ పశ్చిమ తీరంలోని హార్న్స్ రెవ్ పవన విద్యుత్ కేంద్రాన్ని 2008 ఫిబ్రవరి 12న ఆకాశం నుంచి తీసిన ఫొటో ఒకటి ఉంది. ముందు వరుసలోని ప్రతి గాలిమర వెనుకా తెల్లటి పొగమంచు చార. ఆ చారలు వెనక వరుసలను ఒకదాని తర్వాత ఒకటిగా కమ్ముకుంటూ పోయాయి. ఆ రోజు తేమ సరిగ్గా కుదిరింది కాబట్టి కంటికి కనిపించింది గానీ, మిగతా రోజుల్లోనూ అక్కడ జరిగేది అదే. ముందున్న మర గాలిలోని సత్తువను లాగేసుకుంటుంది. వెనకున్న మరకు నీరసించి, సుడులు తిరుగుతున్న గాలి మిగులుతుంది. ఇంజినీర్లు దాన్ని ‘వేక్’ అంటారు.

దీనివల్ల పెద్ద సముద్ర కేంద్రాలు ఉత్పత్తిలో 10 నుంచి 20 శాతం కోల్పోతాయని ఒక అంచనా. ఆ అంకెతో నాకు పేచీ లేదు. దాన్ని ఏడాదంతటికీ ఒకే సగటుగా కాగితం మీద పెట్టి, ఆ కాగితం చూపించి వేల కోట్ల అప్పులు తేవడంతోనే నా పేచీ. అవే మరలు, అదే గాలి వేగం, అయినా నష్టం పూట పూటకూ మారుతుంది.

వసంతకాలంలో ఉత్తర సముద్రాన్ని చూడండి. శీతాకాలపు చలి నీటిని ఇంకా వదలదు. ఐరోపా నేల మీద వేడెక్కిన గాలి వచ్చి ఆ చన్నీళ్ల మీద పరచుకుంటుంది. అడుగున చల్లటి బరువైన గాలి, పైన వెచ్చటి తేలిక గాలి. రెండూ కలవవు. నీరసించిన గాలి కోలుకోవాలంటే పైనున్న వేగపు గాలి కిందికి దిగాలి. ఆ దారి మూసుకుపోతుంది. శరదృతువులో పరిస్థితి తిరగబడుతుంది. నీరు వెచ్చన, గాలి చల్లన. మరుగుతున్న ఎసరులా గాలి కిందామీదా పడుతుంది, వేక్ త్వరగా చెదిరిపోతుంది. 2016, 2017లలో జర్మన్ శాస్త్రవేత్తలు తమ తీరంలోని కేంద్రాల వెనుక పరిశోధక విమానంలో ఎగురుతూ కొలిచారు. వసంతంలోలా గాలి పొరలు కలవని స్థిర వాతావరణంలో వేక్ 50 కిలోమీటర్లు దాటింది, కొన్నిసార్లు 70 దాకా సాగింది. విజయవాడలో తిరిగే మర ఏలూరులో గాలిని తగ్గించినట్టు! పైగా శక్తి గాలి వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం పదో వంతు తగ్గితే శక్తి 27 శాతం పోతుంది.

మరలను దూరదూరంగా పెడితే సరిపోతుందని, మంచి రోజులు చెడ్డ రోజులను సర్దేస్తాయని కొందరి వాదన. హార్న్స్ రెవ్‌లో మరకూ మరకూ 560 మీటర్ల దూరం ఉంది. ఆ ఫొటో అక్కడిదే. ఇక సర్దుబాటు సంగతి: ఈ రంగంలో అందరికన్నా అనుభవమున్న ఓర్‌స్టెడ్ సంస్థే 2019 అక్టోబరు 29న, ఇలాంటి నష్టాలను తక్కువగా అంచనా వేశామని ప్రకటించింది. ఆ రోజే దాని షేరు పడిపోయింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పొరుగువాడి సంగతి. కాలువ కింద సేద్యం చూసినవారికి ఇది వివరించనక్కర్లేదు. పైనున్న తూములు బారుగా తెరుచుకుంటే చివరి ఆయకట్టుకు తడి అందదు. అందుకే చివరి భూముల రైతులు టార్చిలైట్లు పట్టుకుని రాత్రంతా గట్ల మీద కాపలా తిరుగుతారు. కాలువకు కనీసం వంతులవారీగా నీరు వదిలే వారబందీ అనే పద్ధతి ఉంది, తూములు చూసుకునే లస్కరు ఉన్నాడు. గాలికి ఎవరున్నారు? బ్రిటన్‌లో ఇప్పటికే నడుస్తున్న కేంద్రాల యజమానులు ఐరిష్ సముద్రంలోని కొత్త కేంద్రాల ప్రతిపాదనల మీద, తమకు అందే గాలి తగ్గిపోతుందని అభ్యంతరాలు లేవనెత్తారు. మరలు పాతాక మొదలైన తగాదా అది.

మనం ఇంకా పాతలేదు. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్ర పవన కేంద్రాలు నిర్మించడానికి 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. తమిళనాడు వైపు నైరుతి గాలి కనుమల సందుల్లోంచి వచ్చి, ఎండకు కాగిన నేల మీదుగా సముద్రంలోకి దిగుతుంది. నీటి కంటే వెచ్చగా దిగిన ప్రతి గంటా అక్కడ వేక్ పొడవు పెరుగుతుంది. ఆ గంటలను ఉత్తర సముద్రపు సగటులోంచి తీసుకోలేం, మన తీరంలోనే లెక్కించాలి. నీటి ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత, ఎత్తును బట్టి మారే వేగం గంట గంటకూ ప్రజలందరికీ కనబడేలా ప్రకటించాలి. ఎగువన వచ్చే కేంద్రం దిగువ కేంద్రానికి చెల్లించాల్సిన పరిహారం మొదటి లీజు పత్రంలోనే ఉండాలి, సంతకాలకు ముందే.