అగ్గిపుల్లలు పేర్చితే బీజగణితం రాదా?

లెక్కల ఉపాధ్యాయుల మధ్య ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారం ఇది: ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు బీజగణితానికి పజిళ్లు, అగ్గిపుల్లలు, రంగు బిళ్లలు వాడటం కాలయాపన, వస్తువులకు అలవాటు పడిన పిల్లలు కాగితం మీద లెక్క చేయలేరు, మనమంతా సూత్రాలు కంఠస్థం చేసే నేర్చుకున్నాం, పరీక్షలో పజిళ్లు ఇవ్వరు. నాలుగూ నమ్మదగినట్టే వినిపిస్తాయి కాబట్టి విడివిడిగా చూడాలి.

మొదటిది, కాలయాపన. ఒక సంఖ్య అనుకోండి. 3 కలపండి, రెట్టింపు చేయండి, 4 తీసేయండి, సగం చేయండి, మొదట అనుకున్న సంఖ్యను తీసేయండి. తరగతిలో అందరికీ 1 వస్తుంది. ‘ఎలా వచ్చింది సార్?’ అని పిల్లలే అడుగుతారు. అప్పుడు అనుకున్న సంఖ్యకు బదులు మూతి కట్టిన సంచిని బల్ల మీద పెడతాను, పక్కన మూడు గింజలు. రెట్టింపు చేస్తే అలాంటివే రెండు సంచులు, ఆరు గింజలు. నాలుగు తీసేస్తే రెండు సంచులు, రెండు గింజలు. సగం చేస్తే ఒక సంచి, ఒక గింజ. సంచి తీసేస్తే మిగిలేది ఒక్క గింజ. సంచిలో ఎన్ని ఉన్నాయో ఎవరూ విప్పి చూడలేదు, చూడవలసిన అవసరమూ రాలేదు. చరరాశి అంటే అదే. 2(ఎక్స్ + 3) ను 2ఎక్స్ + 3 అని ఎందుకు రాయకూడదో కూడా అక్కడే తేలిపోతుంది: సంచిని రెట్టించి గింజలను మరచిపోతే పక్కనున్న పిల్లవాడే పట్టుకుంటాడు. దీనికి అర పీరియడు చాలు. బ్రాకెట్టు విప్పడంలో ఇదే తప్పును పదో తరగతి దాకా దిద్దుతూ పోయే సమయాన్ని ఎవరు లెక్కపెడుతున్నారు?

రెండో మాటలో కొంత నిజం ఉంది. వస్తువు దగ్గరే ఆగిపోతే పిల్లలకు బిళ్లలు సర్దడం వస్తుంది, బీజగణితం రాదు. వస్తువు, దాని బొమ్మ, గుర్తు పక్కపక్కనే ఉండాలి. తర్వాత క్రమంగా వస్తువును తీసేయాలి. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలోనే ఈ మూడు మెట్లను వివరించాడు. ప్రతి పరికరానికీ హద్దు ఉంటుంది. 8 + 4 = □ + 5 అని ఇస్తే గడిలో 12 రాసే పిల్లలకు ‘=’ అంటే ‘జవాబు రాయి’ అని అర్థం; తక్కెడ ఆ పొరపాటును చక్కగా పోగొడుతుంది. అదే తక్కెడ ఎక్స్ + 5 = 2 దగ్గర చేతులెత్తేస్తుంది, రుణ బరువు ఉండదు కనుక. అక్కడ ఒక రంగు ధన సంఖ్యకు, ఇంకో రంగు రుణ సంఖ్యకు నిలిచే రెండు రంగుల బిళ్లలకు మారాలి. అంకెల బదులు పండ్ల బొమ్మలు పెట్టి ఫోన్లలో తిప్పే పజిళ్లను నేనూ ఇష్టపడను. అక్షరం ఒక సంఖ్యకు బదులు నిలుస్తుందన్నది మరుగునపడి, అది వస్తువు పేరన్న భావం నాటుకుంటుంది.

అసలు బొమ్మతో బీజగణితం చెప్పడం కొత్త పోకడ కానే కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో గణితవేత్త అల్-ఖ్వారిజ్మీ ఎక్స్² + 10ఎక్స్ = 39 సాధనను అలాగే నిరూపించాడు. ఎక్స్ భుజంగా ఉన్న చతురస్రానికి రెండు పక్కల 5 వెడల్పున్న దీర్ఘచతురస్రాలు చేర్చి, మూలలోని ఖాళీని 25తో పూరించాడు. మొత్తం 64, పెద్ద చతురస్రం భుజం 8, ఎక్స్ 3. ఆయన దగ్గర మన గుర్తులేవీ లేవు, అంతా మాటల్లోనే రాశాడు.

మూడోది, కంఠస్థం. పరిశోధకుడు జాన్ క్లెమెంట్ 1982లో ప్రచురించిన అధ్యయనంలో 150 మంది మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక ప్రశ్న ఇచ్చారు: ఒక్కో ప్రొఫెసరుకు ఆరుగురు విద్యార్థులుంటే, విద్యార్థుల సంఖ్య ఎస్, ప్రొఫెసర్ల సంఖ్య పి అనుకొని సమీకరణం రాయండి. 37 శాతం మంది తప్పు రాశారు. రాయవలసింది ఎస్ = 6పి; ఎక్కువగా కనిపించిన తప్పు 6ఎస్ = పి. వీళ్లు సూత్రాలు రానివాళ్లు కారు. ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అని నేనూ కొన్నేళ్లు చెప్పాను. 3ఎక్స్ = 12 లో 3ను అటు పంపి ఎక్స్ = 12 − 3 అని రాసిన పిల్లవాడు నేను చెప్పినదే చేశాడు.

ఇక పరీక్ష. అగ్గిపుల్లలతో చతురస్రాలను వరసగా అతికిస్తూ పోతే 4, 7, 10 పుల్లలు పడతాయి. ఎన్ చతురస్రాలకు ఎన్ని? ఒక అమ్మాయి మొదటిదానికి నాలుగు, తర్వాత ఒక్కోదానికి మూడు చొప్పున 4 + 3(ఎన్ − 1) రాస్తుంది. ఇంకొక అమ్మాయి ముందు ఒక నిలువు పుల్ల పెట్టి, ఒక్కో చతురస్రానికి మూడేసి చేర్చి 1 + 3ఎన్ అంటుంది. ఎవరిది సరైనదని వాదించుకుంటారు. తేల్చుకోవడానికి బ్రాకెట్టు విప్పి, సజాతి పదాలు కలిపి చూస్తారు. పరీక్షలో ‘సూక్ష్మీకరించండి’ అని అడిగేది ఆ పనినే.