సోమవారం కివీ, మంగళవారం డ్రాగన్ ఫ్రూట్ అట!

మా అమ్మాయి స్కూల్ వాళ్ళు ఈ ఏడాది కొత్తగా ఫ్రూట్ చార్ట్ అని ఒకటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సోమవారం కివీ, మంగళవారం డ్రాగన్ ఫ్రూట్, బుధవారం స్ట్రాబెర్రీ, గురువారం యాపిల్, శుక్రవారం "ఏదైనా సీజనల్ ఫ్రూట్". అంటే మన చుట్టుపక్కల కాసే పళ్ళన్నిటికీ కలిపి వారానికి ఒక్క రోజు, అదీ పేరు కూడా లేకుండా. జూన్‌లో మహాబలేశ్వరంలోనే స్ట్రాబెర్రీ పంట అయిపోతుంది, మరి హైదరాబాద్‌లో నేనెక్కడ్నుంచి తేవాలి?

ముందే చెప్తున్నా, కివీ మీద నాకేం పగ లేదు. డ్రాగన్ ఫ్రూట్ అయితే ఇప్పుడు సంగారెడ్డి వైపు మన రైతులే పండిస్తున్నారు, కొనుక్కోండి, తినండి. నా గొడవంతా బాక్సు గురించి. మా ఆవిడ పొద్దున్న ఆరింటికే డ్యూటీకి వెళ్ళిపోతుంది కాబట్టి మా ఇంట్లో బాక్సులు కట్టేది నేనే. ఈ చార్టు రాసినవాళ్ళు ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పోపు పెట్టుకుని, కింద వ్యాన్ వాడు హారన్ కొడుతుంటే దానిమ్మకాయ ఒలిచి ఎరుగరని పందెం కాస్తా.

మొన్నామధ్య దోరజామకాయ నాలుగు ముక్కలు చేసి కాస్త ఉప్పూకారం అద్ది పెట్టా. సాయంత్రానికి మిస్ దగ్గర్నుంచి మెసేజ్: "సార్, వాసనకి క్లాసంతా అడుగుతున్నారు, డిస్టర్బెన్స్ అవుతోంది, ఇలాంటివి పంపకండి." క్లాసంతా అడుగుతున్నారంటే పిల్లలకి పండు తినాలని ఉన్నట్టే కదండీ! మీరు చార్టులు వేసి సాధించాలనుకుంటున్నది అదేగా?

పోనీ పోషకాల లెక్కే చూద్దాం. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఆహార పట్టికలు వేసింది. 100 గ్రాముల జామపండులో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకి పైనే. యాపిల్‌లో పట్టుమని పది కూడా ఉండదు. మామూలు పచ్చ కివీ కూడా జామలో సగానికి రాదు. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి రోజుకి పళ్ళు ఓ 100 గ్రాములు చాలన్నారు. అంటే ఒక మోస్తరు జామకాయ. దానికి సూపర్ మార్కెట్టు ఎక్కాలా, వీధి చివర బండి చాలు.

అసలు సమస్య టైము. ఫ్రూట్ బ్రేక్ పది నిమిషాలు. అందులో చేతులు కడుక్కునే లైను, మూత రాకపోతే మిస్ దగ్గరికి పరుగు, పక్కపిల్ల బాక్సులో ఏముందో చూడటం, ఇవన్నీ పోను తినడానికి ఎంత మిగులుతుంది? అందుకే సాయంత్రం బాక్సు తెరిస్తే యాపిల్ ముక్కలు గోధుమరంగులో పడుంటాయి. "తుప్పు పట్టింది నాన్నా, అందుకే తిన్లేదు" అంటుంది మా పిల్ల. కోసిన చోట యాపిల్‌లో ఉండే ఎంజైముకి గాలి తగిలితే ఆ రంగు వస్తుంది, పాడైపోయినట్టు కాదు. కానీ అది ఆరేళ్ళ పిల్లకి చెప్పి తినిపించడం నా వల్ల కాదు. ఉప్పునీళ్ళలో ఒకసారి ముంచి తీసి, ముక్కలన్నీ మళ్ళీ కాయలాగే కలిపి రబ్బరు బ్యాండు వేస్తే మధ్యాహ్నం దాకా బానే ఉంటుంది. కొత్తగా బాక్సులు కడుతున్నవాళ్ళు చేసి చూడండి.

నన్నడిగితే బాక్సుకి అరటిపండుని మించింది లేదు. చిన్న చక్కెరకేళి అయితే పిల్ల తనే ఒలుచుకుంటుంది, చెంచా అక్కర్లేదు. వేడి అన్నం డబ్బా పక్కన మాత్రం పెట్టకండి, నల్లగా మెత్తబడిపోతుంది. కమలాపండు తొక్కకి ఇంట్లోనే ఒక గాటు పెట్టి పంపితే చాలు. ద్రాక్ష మంచిదే గానీ ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి నిలువుగా చీల్చి పెట్టండి, గుండ్రంగా ఉంటే గొంతుకి అడ్డం పడుతుంది, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పుచ్చకాయ ముక్కలు వద్దు, ఎండల్లో పాడవుతాయి, పైగా రసం కారి పుస్తకాలు తడుస్తాయి. సీతాఫలం ఇంటికొచ్చాక. నేరేడు సరిగ్గా బడులు తెరిచే టైముకే వస్తుంది, కానీ తెల్ల యూనిఫాం రోజు పెట్టారో, ఉతికేది మీరే. బంగినపల్లి సంగతి చెప్పక్కర్లేదు, దాని సీజన్ సగం పైగా సెలవుల్లోనే పోతుంది, పిల్లల అదృష్టం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ స్టార్ స్టిక్కర్ ఒక ఎత్తు. చార్టు ప్రకారం తెచ్చినవాళ్ళకి చేతి మీద స్టార్ అంటిస్తారట. పక్క ఫ్లాట్ బాబు "రేపు కివీ లేకపోతే నేను స్కూలుకి పోను" అని రాత్రి తొమ్మిదింటికి ఒకటే ఏడుపు, పాపం వాళ్ళమ్మ స్కూటీ వేసుకుని బయల్దేరింది. ఆమెకంటే కొనే స్తోమత ఉంది. అదే క్లాసులో మా వ్యాన్ డ్రైవర్ గారమ్మాయి కూడా చదువుతోంది. ఆ పిల్ల చేతి మీద స్టార్ ఎప్పుడు పడాలి? అరటిపండు తెచ్చిన పిల్లకి లేని స్టార్, సగం తిని పారేసిన డ్రాగన్ ఫ్రూట్‌కి ఎందుకు?

ఇంత ఆరోగ్యం గురించి మాట్లాడే స్కూలు గేటు బయట చిప్స్, కూల్ డ్రింకుల కొట్టు మూడు పూటలా నడుస్తోంది. స్కూలు గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. దాని మీద గ్రూపులో ఒక్క మెసేజ్ రాలేదు. జామకాయ వాసన మాత్రం వచ్చేసింది.

శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. స్టిక్కర్లు తీసేయండి, బ్రేక్ ఇరవై నిమిషాలు చేయండి, ఈ రెండే అడగబోతున్నా. గ్రూపులో థంబ్స్ అప్ కొట్టి ఊరుకునే మహానుభావులందరూ ఆ రోజు దయచేసి రండి, వచ్చి నోరు విప్పండి. నేనొక్కడినే మాట్లాడితే "మిగతావాళ్ళెవరికీ లేని ప్రాబ్లం మీకే ఎందుకు సార్" అని టీ ఇచ్చి పంపించేస్తారు.