‘ఐదు నిమిషాల్లో జ్యోతిష్యం’: ఆ మెసేజ్‌లో కుదరని లెక్కలు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ నెలలో నాలుగుసార్లు వచ్చింది. మొదట తాడిపత్రి నుంచి పిన్ని పంపింది. తర్వాత ధర్మవరం బావ, ఆయన చూడలేదనుకుని వాళ్ల తమ్ముడు, చివరికి మళ్లీ పిన్నే. పేరు ‘ప్రతి తెలుగువాడూ తెలుసుకోవాల్సిన జ్యోతిష్యం, ఐదు నిమిషాల్లో’. పుట్టిన తేదీని బట్టి రాశి, అది తెలియకపోతే పేరులో మొదటి అక్షరం, ఏ ఊరివాళ్లకైనా ఒకే రాహుకాలం, లక్షలో ఒకరికి కుజదోషం, కోటికొకరికి కాలసర్పదోషం, ఏలినాటి శని పడితే సర్వనాశనం, రాహుకేతువులంటే యురేనస్, నెప్ట్యూన్‌లే, ఇదంతా సైన్స్ నిరూపించిందే. ఇవీ అందులోని పాఠాలు. అడుగున దోష నివారణ పూజ చేయించుకోవడానికి ఒక ఫోన్ నంబరు.

జాతకం మన జీవితాన్ని చెబుతుందని నేను నమ్మను, ముందే చెప్పేస్తున్నా. కానీ పంచాంగం చూడటం వచ్చు. మా తాత ఊళ్లో ఉగాదికి పంచాంగం చదివేవాడు. వేసవి సెలవుల్లో అరుగు మీద కూర్చోబెట్టి ‘అశ్విని, భరణి, కృత్తికా పాదం మేషం’ అని ఎక్కాల్లాగా వల్లె వేయించాడు. ఇప్పుడు అనంతపురంలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నా. కాబట్టి ఇక్కడ నమ్మకం సంగతి పక్కన పెట్టి, శాస్త్రం పెట్టుకున్న లెక్కతోనే ఆ మెసేజ్‌ను సరిచూస్తాను.

రాశితో మొదలుపెడదాం. మార్చి 21 నుంచి ఏప్రిల్ 19 మధ్య పుడితే మేషం అని పట్టిక ఇచ్చారు. అది పడమటి దేశాల సాయన పద్ధతి, అంటే నక్షత్రాలను కాకుండా ఋతువులను బట్టి రాశులను లెక్కించేది. వాళ్లది వాళ్లకు సరే, దాని మీద ‘వేద జ్యోతిష్యం’ అని రాయడమే తప్పు. ఇది తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు, పండగ చాలు. మకర సంక్రాంతి అంటే సూర్యుడు మకరంలోకి వచ్చే రోజు. మనం ముగ్గులేసేది జనవరి 14న. ఆ పట్టిక ప్రకారం సూర్యుడు డిసెంబర్ 22కే మకరంలో ఉండాలి! ఈ మూడు వారాల పైచిలుకు తేడాకు పేరు అయనాంశ. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున తేడా పేరుకుపోయి, ఇప్పటికి 24 డిగ్రీలు దాటింది. మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన క్యాలెండర్ సంస్కరణ కమిటీ దీన్ని లెక్కగట్టి, 1956 మార్చి 21 నాటికి 23 డిగ్రీల 15 నిమిషాలుగా తీసుకుంది. మన పంచాంగాల్లో చాలావరకు ఆ దారిలోనివే.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. మనవాళ్లు ‘నీ రాశేంది?’ అని అడిగితే అది సూర్యుడున్న రాశి కాదు, పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి. చంద్రుడు రెండుంపావు రోజులకో రాశి మారతాడు, నెల తిరక్కముందే పన్నెండూ చుట్టేస్తాడు. ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం నూట ఎనిమిది. వాటిని పన్నెండుతో భాగిస్తే రాశికి తొమ్మిది పాదాలు. కృత్తిక మొదటి పాదం మేషంలో, మిగతా మూడు వృషభంలో పడేది అందుకే. నెల పొడుగునా పుట్టినవాళ్లందరికీ ఒకే రాశి అనే పట్టికకు ఇందులో చోటే లేదు. ఇక లగ్నం, అంటే పుట్టినప్పుడు తూర్పున పొడిచే రాశి, సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. దానికి పుట్టిన సమయం, ఊరు రెండూ కావాలి.

‘తేదీ తెలియకపోతే పేరులో మొదటి అక్షరం చూసుకోండి’ అన్న సలహాకు మా సీమలో ఒక్క పేరు చాలు: ఓబులేసు. ఒక్కో నక్షత్ర పాదానికి ఒక్కో అక్షరం ఉంటుంది, ‘ఓ’ రోహిణి మొదటి పాదానిది. అహోబిలం నరసింహస్వామి పేరు పెట్టుకున్న ఓబులేసులు, ఓబులమ్మలు, ఓబుల్ రెడ్డులు కర్నూలు నుంచి కడప దాకా ఎన్ని వేలమందో, అందరూ రోహిణి మొదటి పాదంలోనే పుట్టారా? నక్షత్రం చూసి అక్షరం ఎంచి పేరు పెడితేనే పేరు నుంచి వెనక్కి నక్షత్రానికి రావచ్చు. దేవుడి పేరో, తాత పేరో పెట్టుకున్న ఇంట్లో ఆ దారి మూసుకుపోయినట్టే.

రాహుకాలం దగ్గర కాస్త ఆగాలి. ఇందులో మా మామ కథ ఉంది.

మెసేజ్‌లో ‘సోమవారం 7.30 నుంచి 9 వరకు, ఎక్కడున్నా ఇంతే’ అని ఉంది. గోడ క్యాలెండర్లూ ఇదే వేస్తాయి. అసలు లెక్క ఏమిటంటే, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న దినమానాన్ని ఎనిమిది భాగాలు చేయాలి. సోమవారం రెండో భాగం, శనివారం మూడోది, శుక్రవారం నాలుగోది, ఇలా వారంలో ఒక్కో రోజుకు ఒక్కో భాగం రాహుకాలం. ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి కుంకితేనే సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అవుతుంది.

ఒక సంక్రాంతికి ముందు సోమవారం మామ కొత్త ట్రాక్టర్ తీసుకున్నాడు. షోరూంవాళ్లు ఎనిమిదికే తాళాలు చేతిలో పెట్టారు. మామ కదల్లేదు. ‘తొమ్మిది దాటనీ’ అని అందరినీ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. అత్తమ్మ చేతిలో నిమ్మకాయలు, కొబ్బరికాయ. కాసాపురం ఆంజనేయస్వామి గుడిలో పూజకు లేటవుతోందని డ్రైవర్ రెండుసార్లు వచ్చి అడిగి పోయాడు. గోడ గడియారం తొమ్మిదీ ఐదు చూపించాక మామ లేచి, నిమ్మకాయలు తొక్కించి బండి కదిలించాడు.

ఇప్పుడు లెక్క చూడండి. మన గడియారాలు నడిచేది తూర్పు రేఖాంశం 82½ డిగ్రీల మీద, అంటే కాకినాడ దరిదాపుల్లో పోయే గీత మీద. అనంతపురం ఉన్నది 77.6 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన ఊరి పొద్దు గడియారం కంటే సుమారు ఇరవై నిమిషాలు వెనక. దానికి చలికాలం తోడు. జనవరి నడుమ ఇక్కడ సూర్యోదయం దాదాపు 6.48, అస్తమయం 6.08. పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు, అంటే 680 నిమిషాలు, అందులో ఎనిమిదో వంతు 85. సోమవారం రాహుకాలం 8.13కు మొదలై 9.38కి వదులుతుంది. మామ తాళాలు అందుకున్న ఎనిమిదింటికి రాహుకాలం రానేలేదు. ఆయన కాచుకుని కాచుకుని బండి తీసిన 9.05 దాదాపు దాని నడుమ!

దీన్ని మా తాత ఎప్పుడో చెప్పాడు. ఆయన గంటల్లో లెక్కించేవాడు కాదు, పొద్దు పొడిచినప్పటి నుంచి ఘడియల్లో లెక్కించేవాడు. ఘడియంటే 24 నిమిషాలు, రోజుకు అరవై. పాత జాతకాల్లో ‘సూర్యోదయాది ఘడియలు’ అని రాసేది అందుకే. ఊరు మారితే పొద్దు మారుతుంది, పొద్దు మారితే లెక్క మారుతుంది. ఆ మెసేజ్ రాసినాయన ఈ మొదటి మెట్టే ఎక్కలేదు.

కుజదోషం. నాకు కోపం తెప్పించింది ఇదే. ‘లక్షలో ఒకరికి ఉంటుంది, ఉంటే భాగస్వామికి ప్రాణగండం’ అన్నారు. మన పక్క పద్ధతిలో లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం. పన్నెండులో ఐదు. అంటే నూటికి దాదాపు 42 మంది. అక్కడితో ఆగరు, చంద్రుడి నుంచీ చూడాలంటారు, శుక్రుడి నుంచీ చూడాలంటారు. మా పిల్లలతో ఇది బోర్డు మీద వేయించాను. ఒక్కోచోట తప్పించుకునే అవకాశం పన్నెండింట ఏడు. మూడు చోట్లా తప్పించుకోవాలంటే ఏడు బై పన్నెండును మూడుసార్లు హెచ్చవేయాలి. ఉజ్జాయింపుగా నూటికి ఇరవై వచ్చింది. అంటే మిగతా ఎనభై మందికి ఏదో ఒక లెక్కన దోషం ఉన్నట్టే! మా క్లాసులో అరవై మంది. లగ్నం ఒక్కటే చూస్తే సుమారు పాతిక మంది, మూడూ చూస్తే నలభై ఎనిమిది మంది. లెక్క తేలాక వెనక బెంచీలో ఒకడు, ‘అయితే దోషం లేనోళ్లకే సంబంధాలు దొరకవు మేడమ్’ అన్నాడు.

శాస్త్రంలో మినహాయింపులూ చెప్పారు. కుజుడు తన ఇళ్లయిన మేష, వృశ్చికాల్లో ఉన్నా, ఉచ్ఛ, అంటే బాగా బలంగా ఉండే మకరంలో ఉన్నా, గురుదృష్టి పడినా దోషం లెక్కకు రాదంటారు. ఇద్దరికీ ఉంటే చెల్లుకు చెల్లు. ఆ మెసేజ్‌లో వీటి ఊసే లేదు, మినహాయింపు చెబితే ఫోన్ నంబరుతో పనేముంది? మా పెద్దమ్మ కూతురికి మూడు సంబంధాలు ఈ ఒక్క మాట మీదే తప్పిపోయాయి. మొదటి జ్యోతిష్యుడు దోషం లేదన్నాడు, లగ్నం నుంచి చూశాడు. రెండో ఆయన ఉందన్నాడు, చంద్రుడి నుంచి చూశాడు. కాగితం ఒకటే, పిల్లా ఒకటే. మూడో సంబంధం పోయిన రోజు అది వంటింట్లో కూర్చుని, ‘నేను ఎవరినో చంపేదాన్నంట అక్కా’ అని నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

ఏలినాటి శనిది చిన్న లెక్క. శని పన్నెండు రాశులూ చుట్టడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు, రాశికి సుమారు రెండున్నర. మన రాశికి ముందుదీ, మన రాశీ, తర్వాతదీ కలిపి ఏడున్నర. ఎప్పుడు చూసినా మూడు రాశులవాళ్లు అందులోనే ఉంటారు. దృక్ లెక్కన, అంటే ఆకాశంలో గ్రహం నిజంగా కనిపించే చోటును బట్టి, 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు కాబట్టి ఇప్పుడు కుంభ, మీన, మేషాల వంతు. పన్నెండింట మూడంటే నాలుగో వంతు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లా జనం సుమారు 40 లక్షల 81 వేలు, అంటే అటూఇటూగా పది లక్షల మంది ఏ రోజు చూసినా ‘సర్వనాశనం’లో ఉన్నట్టు! వాన మొహం చాటేసిన ఏడు మా ఊళ్లో మేషరాశివాడి శెనక్కాయ చేనూ ఎండింది, సింహరాశివాడి చేనూ ఎండింది. ఇన్సూరెన్స్ కోసం ఇద్దరూ ఒకే వరసలో నిలబడ్డారు.

రాహుకేతువులు యురేనస్, నెప్ట్యూన్‌లట, మనవాళ్లు ముందే కనిపెట్టేశారట. వినడానికి గర్వంగానే ఉంటుంది. కానీ రాహువూ కేతువూ గోళాలు కావు. సూర్యుడి దారిని చంద్రుడి దారి సుమారు ఐదు డిగ్రీల వాలుతో దాటే రెండు బిందువులు. అందుకే ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురెదురుగా, ఏడో ఇంట్లో ఉంటాయి. అందుకే ఛాయాగ్రహాలన్నారు. వెనక్కి నడుస్తూ 18.6 ఏళ్లకు చుట్టొస్తాయి. యురేనస్‌కు 84 ఏళ్లు పడుతుంది, నెప్ట్యూన్‌కు 165. ఈ రెండు లెక్కలు కలిసే దారే లేదు. గ్రహణానికి కారణం నీడలని క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు రాసిపెట్టాడు. గర్వపడాలంటే అదుంది కదా.

కాలసర్పదోషాన్ని ‘వేదకాలం నుంచీ’ అన్నారు. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో సర్పయోగం అని ఒకటుంది. అది పాపగ్రహాలు కేంద్రాల్లో, అంటే లగ్నం నుంచి 1, 4, 7, 10 స్థానాల్లో ఉండటం గురించి. కాలసర్పమంటే ఇప్పుడు చెప్పేది రాహుకేతువుల మధ్య మిగతా ఏడు గ్రహాలూ ఇరుక్కోవడం, దాని గురించి కాదు. కోటికొకరన్నదీ అబద్ధమే. బుధుడు, శుక్రుడు సూర్యుణ్ని వదిలి దూరం పోరు. కుజ, గురు, శనులు కూడా సూర్యుడితో పాటు ఒకవైపు చేరిన రోజుల్లో, చంద్రుడు అటువైపు ఉన్న సగం నెల పుట్టిన పిల్లలందరికీ ఇది వస్తుంది.

చివరిది, సైన్స్ నిరూపించిందన్న మాట. నిరూపించడానికి ప్రయత్నం జరిగింది నిజమే. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మరికొందరు మహారాష్ట్రలో చేసిన పరీక్ష 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. చదువులో బాగా చురుకైన వంద మంది పిల్లల జాతకాలు, మానసిక ఎదుగుదల లోపం ఉన్న వంద మందివి కలిపి, ఒక్కో జ్యోతిష్యుడికి నలభై చొప్పున ఇచ్చారు. ఏది ఎవరిదో చెప్పమన్నారు. చివరిదాకా జవాబులు పంపింది ఇరవై ఏడు మంది. సగటున సరిగ్గా చెప్పినవి నూటికి 46. రూపాయి బిళ్ల ఎగరేసినా యాభై దాకా వచ్చేవి.

ఇదంతా కాస్త కుదించి గ్రూపులో పెట్టాను. రెండు రోజులు ఎవరూ కిక్కురుమనలేదు. పిన్ని ఒక దండం బొమ్మ పెట్టింది, అది నాకో దేవుడికో తెలీలేదు. మూడో రోజు మామ ఫోన్ చేశాడు.

‘ఏమ్మా, అయితే ఆ పొద్దు మేము తొమ్మిదీ ముప్పై ఎనిమిది దాకా కూర్చోవాల్నా?’

‘లేదు మామా, ఎనిమిదికి తాళాలు ఇచ్చినప్పుడే తీసుంటే సరిపోయేది.’

కాసేపు మాట్లాడలేదు. నేనే అడిగాను, ‘ఇంతకీ బండి ఎట్లుంది?’

‘దానికేంలే, ఇంతవరకు మెకానిక్ మొహం చూడలే,’ అన్నాడు.